మద్దెల నిజంగానే ఓడు

పుస్తకం అచ్చయితే సమీక్ష రాస్తారు. సినిమా ఆడితే రాస్తారు. కచేరీకి వెళ్ళొచ్చి గాయకుడి గొంతు ఎక్కడ జీరపోయిందో కూడా రాస్తారు. కానీ ఇవన్నీ రాసిపెట్టే కలం గురించి ఒక్కరూ నాలుగు ముక్కలు రాసిన పాపాన పోరు. అందులోనూ ‘అందంగా రాయడానికి’ అని చెప్పి అమ్మే కలాల విషయంలో కొట్టువాడి మాటే వేదం, అట్టపెట్టె మీది బొమ్మే ప్రమాణం. ఆ లోటు తీర్చడానికి నేనేమీ పండితుణ్ణి కాను. అయితే ఈ మధ్య మా ఇంట్లో ఒక కేసు నడిచింది. అందులో మొదట తప్పుడు తీర్పు ఇచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి నాకు రాయాల్సిన బాధ్యత ఉంది.

కేసు ఏమిటంటే, మా మనవరాలు ఏడో క్లాసు. సంక్రాంతికి తలా కాస్తా చేతిలో పెట్టిన డబ్బులు కూడబెట్టి ఒక ‘కాలిగ్రఫీ సెట్టు’ తెప్పించుకుంది. పెట్టె చూస్తే పెళ్ళివారి పసుపు కుంకుమల పెట్టెలా ఉంది. ఒక కలం, దానికి మార్చుకునే పాళీలు ఆరు, ఇంకు గొట్టాలు నాలుగు, నేర్చుకోవడానికి చిన్న పుస్తకం. మొదటి రోజు ఇల్లంతా పండగ. రెండో రోజు వేళ్ళంతా ఇంకు. వారం తిరిగేసరికి పెట్టె సొరుగులోకి పోయింది.

“ఏమ్మా, అప్పుడే మొహం మొత్తిందా?” అన్నాను.

“నా చేతిరాతే అంత తాతయ్యా. ఎడంచెయ్యి కదా, నాకు రాదు” అంది.

మా ఆవిడ వంటింట్లోంచే “ఆడలేక మద్దెల ఓడందిట” అని ఒకటి వదిలింది. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే ఆ పిల్ల మద్దెలని ఒక్క మాటా అనలేదు, తననే అనుకుంది. మద్దెలని అనాల్సిన పని నాది.

ఆ రాత్రి పెట్టె తెరిచి నేనే కూచున్నాను. ముందు ఆ చిన్న పుస్తకం సంగతి. ‘ఏ’ నుంచి ‘జెడ్’ దాకా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద బాణం గుర్తులు. బాగానే ఉంది. ఎడంచేతివాళ్ళు ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. ఎలాంటి కాగితం కావాలో లేదు. ఆరు పాళీల్లో దేనితో మొదలెట్టాలో లేదు. ఇక ప్రపంచంలో ఇంగ్లీషు కాక ఇంకో లిపి ఉందన్న అనుమానం ఆ పుస్తకం రాసినాయనకి కలలోనైనా వచ్చినట్టు లేదు. తప్పు పట్టడం లేదు, ఆయన ఊరు వేరు, ఆయన చదువరులు వేరు. కానీ మా పిల్ల రాద్దామనుకున్నది వాళ్ళ అమ్మమ్మ పేరు, అదీ తెలుగులో.

నా మొదటి ఫిర్యాదు ఆ ఆరు పాళీల మీదే. కొత్తగా నేర్చుకునేవాడికి కావలసింది ఒక్క పాళీ. ఆరు పాళీలిచ్చి ఒక కలమిస్తే, మార్చడంతోటే సరి, రాసేదెప్పుడు? మార్చినప్పుడల్లా లోపలి ఇంకు ఆరుతుంది, ఆరిన ఇంకు అడ్డం పడుతుంది, అడ్డం పడితే పిల్లలు గట్టిగా నొక్కుతారు, నొక్కితే పాళీ వంగుతుంది. చవకగా వచ్చిందన్న సెట్టు అలా ఖరీదైపోతుంది.

అసలు ‘కాలిగ్రఫీ కలం’ అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జాతులున్నాయి. ఇది కొట్లో ఎవరూ చెప్పరు. ఒకటి వెడల్పు పాళీ. దాని మొన సూదిగా ఉండదు, చిన్న ఉలిలాగా బల్లపరుపుగా కోసి ఉంటుంది. నొక్కనక్కర్లేదు. ఏ దిక్కుకి గీస్తే ఆ దిక్కునిబట్టి గీత లావో సన్నమో దానంతటదే అవుతుంది. అడ్డకత్తితో పూత పూసినట్టు, వెడల్పున లాగితే పట్టీ, అంచు వెంబడి లాగితే దారం. రెండోది మెత్తని పాళీ. మొన సన్నంగా ఉండి, నొక్కినప్పుడు రెండు పాయలుగా విచ్చుకుంటుంది. కిందికి లాగుతూ నొక్కితే లావు, పైకి పోతూ వదిలితే సన్నం. పాత దొరల ఉత్తరాల్లో కనిపించే మెలికల రాతంతా దీని చలవే.

కొత్తవాళ్ళు రెండోదాని జోలికి పోవద్దని నా అభిప్రాయం. ముఖ్యంగా తెలుగు రాసేవాళ్ళు. ఇంగ్లీషు ఏటవాలు రాతలో కిందికి లాగే గీతలు ఒక వరసలో వస్తాయి, కాబట్టి నొక్కడానికి ఒక తాళం ఉంటుంది. మన ‘ఝ’ తీసుకోండి. ఒక్క అక్షరంలోనే ఎన్నిసార్లు దిక్కు మారుతుందో లెక్కపెట్టండి. ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో తేల్చుకునేలోగా ఇంకు చుక్క కింద పడుతుంది. పైగా బాల్ పెన్నుతో పెరిగిన చేతులు మనవి. ఆ కలానికి నొక్కుడే ఊపిరి. ఆ అలవాటుతో మెత్తని పాళీ పట్టుకుంటే మొదటి పేజీలోనే దాని నడుం విరుగుతుంది.

వెడల్పు పాళీ విషయానికొద్దాం. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అని ఒకాయన ఉండేవాడు. లండన్ భూగర్భ రైలు స్టేషన్ల బోర్డుల మీది అక్షరాలు గీసినాయన. అచ్చు యంత్రాలొచ్చి అందరూ మర్చిపోయిన ఈ వెడల్పు పాళీ రాతని, పాత చేతిరాత గ్రంథాలు ముందేసుకుని చూసి, మళ్ళీ బతికించాడు. 1906లో దానిమీద పుస్తకం వేశాడు. ఆ బడి నేర్పిన కొలత భలే సులువైనది. అక్షరం ఎత్తుని అంగుళాల్లో కాదు, పాళీ వెడల్పుల్లో కొలవాలి. ఏటవాలు ఇటాలిక్ రాతకి ఐదు పాళీ వెడల్పుల ఎత్తు అన్నది మామూలు లెక్క.

ఇక్కడే మా పిల్ల మొదటి ఓటమికి కారణం దొరికింది. ఆమె పట్టుకున్నది 1.5 మిల్లీమీటర్ల పాళీ. ఐదుతో గుణిస్తే అక్షరం ఏడున్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఇది గుడీ కొమ్మూ లేని ఇంగ్లీషు చిన్న అక్షరానికి. మన ‘ఘ’కీ ‘క్ష’కీ కడుపులో ఎన్ని గదులు! అవి పూడిపోకుండా ఉండాలంటే ఏడు వెడల్పులైనా కావాలని రాసి చూసి తేల్చుకున్నాను. అంటే పదిన్నర మిల్లీమీటర్లు. పైన గుడిదీర్ఘానికి చోటు, కింద ఒత్తుకి చోటు కలుపుకుంటే ఒక వరసకి రెండు డజన్ల మిల్లీమీటర్ల దాకా పోతుంది. మరి ఆ పిల్ల రాసిందెక్కడ? బడి నోటుబుక్కు రూళ్ళ మధ్య! కుంచెతో బియ్యపు గింజ మీద రాయమన్నట్టు. వట్రుసుడి ఇంకు చుక్కయిపోయింది, ‘థ’లో చుక్క ఉందో లేదో దేవుడికెరుక. పిల్ల చేతిరాతకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా చెప్పండి.

కాబట్టి కొనబోయేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదీ: ముందు ఎక్కడ రాస్తారో చూసుకుని పాళీ కొనండి. ఉత్తరాలు, డైరీ, శుభలేఖ కవర్ల మీద చిరునామాలు అయితే 1.1 చాలు. అంతకు మించితే తెలుగులో ఇరుకు. నేర్చుకోవడానికైతే పెద్దదే మంచిది, పెద్ద అక్షరంలో తప్పు దాక్కోలేదు. దానికి పాత కాలెండరు వెనక వైపుని మించిన బడి లేదు. నున్నగా ఉంటుంది, పెద్దగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు, నెలకొకటి చొప్పున తయారవుతూనే ఉంటుంది.

పేర్లు చెప్పమంటారా? పైలట్ వారి పేరలల్ అనే కలం ఒకటుంది. దానికి మామూలు చీలిక పాళీ ఉండదు. రెండు పలుచని రేకులు పక్కపక్కన నిలబెట్టి, మధ్యలోంచి ఇంకు దిగేలా చేశారు. 1.5, 2.4, 3.8, 6.0 అని కొలతలున్నాయి. 6.0 జోలికి పోకండి, అది అరుగు మీద ముగ్గేసినట్టుంటుంది. 2.4 కాలెండరు కాగితానికి సరిగ్గా సరిపోతుంది. అంచు పదును కాబట్టి లావుకీ సన్నానికీ తేడా స్పష్టంగా పలుకుతుంది, చేసిన తప్పూ అంతే స్పష్టంగా పలుకుతుంది. లామీ జాయ్ అనేది 1.1, 1.5, 1.9 పాళీలతో వస్తుంది. ఇది కలంలాంటి కలం, జేబులో పెట్టుకు తిరగొచ్చు. రెంటికీ ఒకటే లోపం. వాటి ఇంకు గొట్టాలు వాటికే పడతాయి, ఇంకోళ్ళవి పట్టవు. కలం ధర ఒకసారి ఇస్తాం, గొట్టాల ధర జన్మంతా ఇస్తూంటాం. దీనికి విరుగుడు మందుల షాపులో ఉంది. ఒక సిరంజి కొనుక్కుని, ఖాళీ అయిన గొట్టంలోనే సీసాలో ఇంకు నింపుకోవడం. నేను అదే చేస్తున్నాను. మా ఆవిడ మొదటిసారి చూసి నాకు షుగరొచ్చిందనుకుని కంగారుపడింది.

మరి మన రాజమండ్రి కలం మాటేమిటి అంటారు. నాకు ఆ కలమంటే పక్షపాతం ఉంది, దాచుకోను. స్వదేశీ రోజుల్లో రత్నంగారు ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి చేసిన కలం అది. అది అందుకుని గాంధీగారు 1935లో ఉత్తరం రాశారంటే ఇంక మన సర్టిఫికెట్టు దేనికి? కానీ సమీక్షకుడు సమీక్షకుడే. వెడల్పు పాళీ రాతలో ఒంటికంటే మొన ముఖ్యం. ఎంత మంచి కలమైనా గుండ్రటి మొన పాళీ వేస్తే గీత అంతటా ఒకే లావు.

ఆ మాటకొస్తే అది తెలుగుకి కొత్తేమీ కాదు. మన అక్షరం పెరిగింది తాటాకు మీద. గంటం మొనతో ఆకుని గీరి, ఆ గీతలో మసి పూసి చదువుకున్నారు. గంటం గీతకి లావూ సన్నమూ లేదు. నిలువునా అడ్డంగా గీరితే ఆకు చీరుకుంటుందని మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలంటారు. అంచేత ‘తెలుగు అక్షరానికి వెడల్పు పాళీ పరాయి సొమ్ము, దాని జోలికి పోకూడదు’ అని వాదించేవాళ్ళున్నారు. నేనూ ఆ రాత్రి సగం దాకా అదే అనుకున్నాను.

తలకట్టు దగ్గర నా వాదం ఓడిపోయింది.

కాగితానికి 45 డిగ్రీల వాలులో పాళీ అంచు నిలిపి, ఊరికే ఒక తలకట్టు గీసి చూడండి. మొదట కుడికి దిగే చిన్న గీత, పాళీ వెడల్పంతా పడి నిండుగా వస్తుంది. అక్కణ్ణుంచి పైకి లేచే పొడుగు గీత, అంచు వెంబడే జారి వెంట్రుకలా సాగుతుంది. ఎవరూ నేర్పలేదు, నొక్కలేదు, వదల్లేదు. ఎక్కడో రోమన్ అక్షరాల కోసం పుట్టిన పాళీ మన తలకట్టుని పుట్టింటి ఆడపడుచులా దగ్గరికి తీసుకుంది. సున్న చుట్టినా అంతే. పైన కుడివైపూ కింద ఎడమవైపూ ఒళ్ళు చేసి, తక్కిన రెండు మూలలా నాజూగ్గా వస్తుంది. పది కాగితాలు పాడుచేశాను. రాత్రి పన్నెండయింది.

పొద్దున్నే పిల్లని పిలిచి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా, “ఇదిగో, ఇలా” అని చూపించాను. తను కలం తీసుకుంది. ఎడంచేత్తో. అదే వాలు, అదే శ్రద్ధ. తలకట్టు తిరగబడింది. దిగే గీత దారంలా వచ్చింది, లేచే గీత దుంగలా వచ్చింది. పైగా అలా లేస్తున్నప్పుడు పాళీ కాగితాన్ని కరిచి, చుట్టూ ఇంకు తుంపర్లు చిమ్మింది.

“చూశావా తాతయ్యా” అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునేమో.

నాకు మా చిన్నక్క గుర్తొచ్చింది. ఆవిడది ఎడమ చెయ్యే. మా రోజుల్లో ఎడంచేత్తో అన్నం తిన్నా, అక్షరం రాసినా వీపు విమానం మోతే. మేష్టారు రూళ్ళకర్రతో వేళ్ళ కణుపుల మీద కొట్టి కుడిచేత్తో రాయించారు. రాసింది. డెబ్భై ఏళ్ళూ ఆ వంకర అక్షరాలే రాసింది. ఉత్తరం చివర ఎప్పుడూ ‘నా రాత బాగోదు, క్షమించు’ అని ఒక వాక్యం. అవే చేతులతో, ఎవరూ చూడనప్పుడు ఎడంచేత్తో, ఆవిడ వేసిన ముగ్గులు ఊరంతా నిలబడి చూసేది.

అందుకని ఈసారి “అలా కాదు, ఇలా పట్టుకో” అన్న మాట నాలిక చివరే ఆపుకున్నాను. కూచుని ఆలోచించాను. కుడిచేతివాడి పాళీ అంచు కాగితం మీద కింద ఎడమ నుంచి పైన కుడికి వాలుతుంది. ఎడంచేతివాళ్ళకి, అద్దంలో బొమ్మలా, అది అటునుంచి ఇటు వాలుతుంది. అందుకే లావు సన్నాలు తారుమారయ్యాయి. కుడిచేతివాడు కలాన్ని లాగుతూ పోతే, ఎడంచేతివాళ్ళు తోస్తూ పోవాలి. ఉలిలాంటి అంచు లాగితే జారుతుంది, తోస్తే గుచ్చుకుంటుంది. ఇందులో పిల్ల నేరం ఎక్కడుంది? ఎడంచేతివాళ్ళ కోసం పాళీని ఏటవాలుగా కోసిన సెట్లు విడిగా దొరుకుతాయి. మేం కొన్న పెట్టె మీద ‘అందరికీ’ అని రాసుంది.

మళ్ళీ కొనడానికి ముందు ఖర్చులేని వైద్యం ఒకటి చేశాం. చెయ్యి మార్చడం మానేసి కాగితం మార్చాం. కాగితాన్ని కుడివైపుకి పావు చుట్టు తిప్పి, వరస అడ్డంగా కాకుండా పై నుంచి తనవైపుకి దిగేలా పెట్టుకోమన్నాను. అక్షరాలు పక్కకి పడుకున్నట్టు కనిపిస్తాయి, మొదట తల తిరుగుతుంది. కానీ పాళీ అంచు సరైన వాలులో కూచుంటుంది, తోపుడు పోయి లాగుడు అవుతుంది. తను పడుకున్న తలకట్టు ఒకటి గీసి, కాగితం నిలబెట్టి చూసింది. దిగే గీత నిండుగా, లేచే గీత వెంట్రుకలా ఉంది. ఇంకోటి గీసింది. మేం ఇద్దరం ఆ మధ్యాహ్నం భోజనానికి ఆలస్యంగా లేచాం. మద్దెల మాట మళ్ళీ ఎత్తుతుందేమోనని చూశాను గానీ, మా ఆవిడ ఎత్తలేదు.

డబ్బు అసలే పెట్టదల్చుకోనివాళ్ళకి రెండు చిట్కాలు. రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పెట్టి రబ్బరు బాండు వెయ్యండి. రెండు మొనలూ ఒకేసారి కాగితాన్ని తాకేలా రాయండి. జంట గీతలొస్తాయి. గీతల మధ్య ఖాళీ ఎక్కడ విచ్చుకుని ఎక్కడ మూసుకుంటోందో చూస్తే పాళీ వాలు గురించి పుస్తకాలు చెప్పేదంతా కళ్ళకి కట్టినట్టు తెలిసిపోతుంది. రెండోది కాస్త సాహసం. ఇంట్లో మూల పడున్న చవక కలం పాళీ మొనలో గోళీలాంటి గుండు ఉంటుంది. దాన్ని నూనె రాయి మీదో, బాగా సన్నటి ఉప్పుకాగితం మీదో ఓపిగ్గా రుద్ది బల్లపరుపు చెయ్యండి. మూలలు కాస్త గుండ్రం చెయ్యడం మరవకండి, లేకపోతే కాగితాన్ని కోస్తుంది. నాలుగు పాళీలు పాడుచేస్తే ఒకటి కుదురుతుంది. నేను ఐదు పాడుచేశాను.

ఇంకు సంగతి ఒకటే హెచ్చరిక. బొమ్మలు వేసేవాళ్ళు వాడే నల్లటి ‘ఇండియన్ ఇంకు’ ఫౌంటెన్ పెన్నులో పొయ్యకండి. నీటికి చెదరకుండా అందులో లక్కలాంటిది కలుపుతారు. అది లోపల గడ్డకట్టిందంటే కలానికి కర్మకాండే. ఫౌంటెన్ పెన్ను ఇంకు అని రాసి ఉన్నదే పొయ్యండి. వారానికో పక్షానికో ఒకసారి మామూలు నీళ్ళతో, వేన్నీళ్ళతో కాదు, కడగండి. కాగితం మీద ఇంకు పాకుతోందంటే కలాన్ని తిట్టేముందు కాగితం మార్చి చూడండి.

మనవరాలు ఇప్పుడు అమ్మమ్మ పేరు రాయడం అయిపోయి, వంటింటి జాడీల మీద పడింది. ‘ఆవకాయ’ అని రాసిన చీటీ చూస్తే ‘వ’ మీది తలకట్టు ఆవగింజంత ఠీవిగా ఉంది. నేను చెప్పిన ఇంకే పోసింది, నీటికి చెదిరే ఇంకు. మూడో రోజున తడి చెయ్యి తగిలి ఆవకాయ కాస్తా నీలంగా కిందికి కారింది. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి, జాడీ తుడిచి, పిల్లని కేకేసింది:

“అమ్మడూ, ఇది మళ్ళీ రాసి పెట్టవే. ఈసారి పెసరావకాయకి కూడా ఒకటి.”